బుడ్డోడి ఈడు పిల్లలు

పిల్లల పార్టీకి వండేటప్పుడు చేతగానివాళ్లు చేసే మొదటి తప్పు ఎక్కువ వండటం. నా దగ్గర పనికి చేరిన ప్రతివాళ్లకీ ఈ మాట చెబుతాను. చెవికెక్కకపోతే అరిచి చెబుతాను. చిన్నపిల్లల ఆకలంతా కళ్లలోనే ఉంటుంది. శాండ్‌విచ్ మూల కొరికి పక్కన పెడతారు. గ్లాసు నిండా పళ్లరసం పోస్తే సగం వాళ్లు తాగుతారు, మిగతా సగం బల్లగుడ్డ తాగుతుంది. పార్టీలకి వండిపెట్టడమే నా బతుకుతెరువు. పెద్దవాళ్ల భోజనాల లెక్కలో ఎప్పుడైనా తడబడ్డానేమో గానీ, పిల్లల లెక్కలో నన్ను తప్పుపట్టే మొనగాడు పుట్టలేదని నాకు కొంచెం పొగరు. ఆ పొగరు మా అక్క ఇంట్లో అణిగింది.

అక్కకి ఒక్కడే కొడుకు. అందరం బుడ్డోడు అనేవాళ్లం. అయిదు నిండి ఆరో ఏడు నడుస్తుండగా జ్వరంతో ఆస్పత్రికి వెళ్లాడు, మళ్లీ ఇంటికి రాలేదు. అది జరిగి ఏడేళ్లు. అప్పటినుంచి అక్క బడి వదిలే వేళకి వీధిలోకి రాదు. ఎవరింట్లో పుట్టినరోజన్నా ఆ పూటకి తలనొప్పి వస్తుంది. తింటుంది, తిరుగుతుంది, బట్టల కొట్లో పనికి వెళ్లొస్తుంది, అంతే. మా బావ నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. ఎంత మొండి మోటారైనా ఆయన చెయ్యి పడితే తిరగాల్సిందే. ఇంట్లో మనిషి విషయంలో మాత్రం పాపం చేతులెత్తేశాడు.

అలాంటి అక్క ఒక పొద్దున నా వంటగదికి వచ్చి, ఉల్లిపాయల బస్తా మీద కూచుని, "బుడ్డోడి పుట్టినరోజు చెయ్యాలే," అంది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"అలా చూడకు, నాకేం పిచ్చెక్కలేదు. వాడి తరగతి పిల్లల్ని పిలుద్దామని. కూరల కొట్టు దగ్గర, బళ్లో వాడి పక్కన కూచునే కళ్లజోడు పిల్లాడి వాళ్లమ్మ కనబడింది. ఈ ఏడాదితో ఆ బడిలో వాళ్ల చదువు అయిపోతుందట. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లదే కదా. అందరూ ఒక్కసారి మా ఇంటికొచ్చి, కడుపునిండా తిని, వాణ్ణి తలుచుకుంటే చాలు. నేనూ మీ బావా తప్ప వాణ్ణి తలుచుకునేవాళ్లు లేకుండా పోతారేమోనని భయంగా ఉందే."

నేను లేనా అనబోయి నోరు మూసుకున్నాను. ఏడుపు ముంచుకొచ్చింది. నేను ఏడిస్తే ఆవిడ మనసు మార్చుకుంటుందని పనిలోకి దిగాను.

"ఎంతమందొస్తారు?"

"ఓ ఇరవై మంది అనుకో."

"వయసు?"

ఇది నేను అందరినీ అడిగే ప్రశ్నే. దీన్ని బట్టే నా కొలతలన్నీ.

"వాడి ఈడు వాళ్లేగా," అంది అక్క.

"సరే," అన్నాను.

బావకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళితే నన్ను గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"ఎవరూ రాకపోతే ఏంటి గతి?"

"వస్తారు బావా."

"పసిపిల్లలు. వాళ్లకి ఏం గుర్తుంటుంది? మీ అక్క ఇల్లంతా సర్దుకుని కూచుని, ఒక్క పిల్లా రాకపోతే, ఈసారి దాన్ని నేను లేపలేను."

"నోటివెంట మంచి మాట రాదా నీకు? వెళ్లి ఆ ఫోన్లేవో చెయ్యి," అని కసిరాను. బావని కసరడానికి మరదలికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆయన భయమే నాకూ ఉంది. ఆ భయంతోనే ఎక్కువ కసిరాను.

మర్నాటి నుంచి అక్క కొట్లో పని కాగానే నా దగ్గరికే వచ్చేది. ఇద్దరం ఎదురుబొదురుగా కూచుని ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అని తేల్చుకునేవాళ్లం. శాండ్‌విచ్‌లు అంచులు తీసేసి, ఒక్కోటి నాలుగు ముక్కలు. నూడుల్స్ కత్తిరించి వండాలి, లేకపోతే చొక్కాల మీదికి వేలాడతాయి. కారం ముట్టకూడదు. కేకు రెండు వేళ్ల వెడల్పు ముక్కలు. "ద్రాక్షపళ్లు నిలువుగా చీల్చవే, గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడతాయి," అంది అక్క. "నాకే చెప్పొచ్చావా," అన్నాను.

చిప్స్ దగ్గర పేచీ వచ్చింది. ఇంకో సంచీ ఉంటే మంచిదంటుంది ఆవిడ.

"మనిషికో గుప్పెడు చాలు. వాళ్ల గుప్పెడు లెక్కే తల్లీ, నీ గుప్పెడు లెక్క తీస్తే మిగిలింది నేను నెల్లాళ్లు తినాలి."

అక్క నవ్వింది. "నిజమేనే. బుడ్డోడి గుప్పెట్లో నాలుగు బఠాణీలు పట్టేవి కావు," అని తన గుప్పెట ముడిచి చూసుకుంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. దాన్నే చూస్తూ ఉల్లిపాయతో పాటు వేలు కూడా కోసుకున్నాను.

మా వీధిలో పసిపిల్లల బడి ఒకటుంది. వాళ్లని బతిమాలి పొట్టి బల్లలు, మోకాలెత్తు కుర్చీలు అడిగి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నానికల్లా అక్క ఇంటి ముందుగది రంగు కాగితాలతో, చిన్న చిన్న పళ్లేలతో బొమ్మరిల్లులా తయారైంది. అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. బావ గోడ గడియారం వంక చూస్తున్నాడు. నేను పళ్లు నూరుతూ ఆయన వంక చూస్తున్నాను.

గేటు చప్పుడైంది.

ముందుగా వచ్చినవాడు బావ భుజం దాకా ఉన్నాడు. వాడి వెనకాల ఇంకో ముగ్గురు, వాళ్ల వెనకాల నాకంటే పొడుగు ఆడపిల్లలిద్దరు. ఒకడికి పైపెదవి మీద నూనూగు మీసం. అక్క వాళ్లని దాటి వీధిలోకి తొంగిచూసింది. ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని వెతుకుతున్నట్టుంది.

"ఎవరు కావాలి బాబూ?" అంది.

వాడు తెల్లబోయాడు. "మీరే రమ్మన్నారు కదాంటీ, పుట్టినరోజుకి," అన్నాడు, అప్పుడే బొంగురుపోతున్న గొంతుతో.

ఏడేళ్లని మాకు తెలియదా? రోజూ అనుకుంటూనే ఉన్నాం. ఆ ఏడేళ్లూ మిగతా పిల్లలకి కూడా గడిచాయని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మాకు బుడ్డోడి ఈడంటే అయిదే. బడి అయిపోతుందని చెప్పిన అక్కకీ అయిదే, వయసడిగి మరీ వండిన నాకూ అయిదే.

పిల్లలు మంచివాళ్లు. ఎవరూ నవ్వలేదు. ఆ పొట్టి కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూచున్నారు. నేను రెండో పళ్లెం తెచ్చేలోగా మొదటిది ఖాళీ అయింది. శాండ్‌విచ్ ముక్కలు ఒక్కొక్కరి నోట్లో రెండేసి మాయమయ్యాయి. ఒకమ్మాయి చీల్చిన ద్రాక్షపండు ముక్కని వింతగా చూసి, మర్యాదగా నోట్లో వేసుకుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"ఇంకా ఉన్నాయాంటీ?" అన్నాడు మీసాలవాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

బావ బ్రెడ్డూ గుడ్లూ తెస్తానని చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు. అక్క గోడకి ఆనుకుని ఉంది. అయిపోయింది, ఇంక లోపలికి పోయి తలుపేసుకుంటుంది అనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వచ్చి చేతులు కడుక్కుంది. "జరుగు," అని నన్ను పక్కకి తోసి పొయ్యి వెలిగించింది. ఏడేళ్లుగా ఇద్దరి కోసం తప్ప వెలిగించని పొయ్యి. ఇంట్లో ఉన్న గుడ్లతో మొదలుపెట్టింది.

ఖాళీ పళ్లేలు దొంతరగా పట్టుకుని ఒక పిల్లాడు గుమ్మంలోకి వచ్చాడు. కళ్లజోడు.

"నువ్వు వాడి పక్కన కూచునేవాడివి కదూ?" అంది అక్క.

"అవునాంటీ."

"వాడు గుర్తున్నాడా నీకు?"

వాడు అబద్ధం చెప్పలేదు. "కొంచెమే ఆంటీ," అని కాసేపు ఆలోచించాడు. "అందరికంటే వాడే పొడుగు. వరసలో వాడు నా ముందుంటే నాకేం కనబడేది కాదు. అందుకని టీచర్ వాణ్ణి చివరికి పంపించేసేది."

అక్క వాడి దగ్గరికి వెళ్లింది. వాడి నెత్తిన అరచెయ్యి ఆనించింది. తర్వాత ఆ చేతిని మెల్లిగా ఇంకొంచెం పైకి లేపి గాల్లో నిలబెట్టింది.

"ఇంత ఉండేవాడా?"

"ఉండేవాడేమో ఆంటీ."

పొయ్యి మీద ఆమ్లెట్ మాడి వాసన వచ్చింది. అక్క వచ్చి దాన్ని గీకి పారేసి ఇంకోటి వేసింది. బావ రొప్పుతూ వచ్చాడు. ఆవిడ వేస్తూనే ఉంది, పిల్లలు తింటూనే ఉన్నారు. తింటూ బుడ్డోడి మాట వాళ్లంతట వాళ్లే ఎత్తారు. వాడు ఏడుస్తూ బడికొచ్చేవాడంది ఒకమ్మాయి. కాదు, ఏడ్చింది నేను, నాకు వాడు పెన్సిలిచ్చాడు అన్నాడు మీసాలవాడు. బావ తలుపు చాటున నిలబడి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటూ ప్రతి మాటా విన్నాడు.

అందరూ వెళ్లాక అక్క గోడ వారగా నేల మీద కూలబడింది.

"మొత్తానికి వచ్చారు కదే. వాణ్ణి తలుచుకున్నారు. నువ్వడిగింది అదేగా," అన్నాను.

"తలుచుకున్నారు," అంది. తన అరచేతిని చూసుకుంది.

"ఇన్నాళ్లూ అయిదేళ్లవాడి కోసమే ఏడ్చానే. ఏడ్చి ఏడ్చి ఈమధ్యే కాస్త ఊపిరాడుతోంది. ఇప్పుడింత పొడుగు కొడుకు ఉండేవాడని తెలిసింది. వీడి కోసం నేనింకా ఏడవనే లేదు."

బావ చేతిలో ఎంగిలి పళ్లేలు కింద పెట్టి వచ్చి ఆవిడకి ఆ పక్కన కూచున్నాడు. నేను ఈ పక్కన కూచున్నాను. అక్క మొదటిసారి ఏడ్చినట్టు ఏడవడం మొదలుపెట్టింది.