తగ్గని జబ్బుకు తగ్గినట్టు కాగితం

నేను ఒక ఫైలును. చిత్తు కాగితాలు నానబెట్టి రుబ్బిన గుజ్జులోంచి అట్టల ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టకముందే ఎన్ని దరఖాస్తులు నాలో కలిసిపోయాయో తెలియదు. అందుకే కాబోలు, మొదట్నుంచీ నాకు నీరసమే.

మొదట నా మీద ‘హాస్టల్ గడ్డికోత’ అని రాశారు. గడ్డి ఎవరూ కోయలేదు. రెండేళ్లకు నా అట్ట తిరగేసి, యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన ఓ విభాగానికి పంపారు. జబ్బుల వల్ల, వైకల్యం వల్ల చదువులో వెనకబడే పిల్లల్ని ఆదుకోవడానికట. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, సమోసాలు తిన్నారు. ఎవరో చేతులు నాకే తుడుచుకున్నారు.

నవంబరులో కిల్లో భాగ్యవతి వచ్చింది. మన్యం పిల్ల, ఎమ్మెస్సీ బోటనీ. సికిల్‌సెల్ జబ్బు. చలి పెరిగితే చాలు, కీళ్లలో, నడుములో నొప్పి పట్టేసి రోజుల తరబడి మంచం దిగనివ్వదు. పరీక్ష రాయాలంటే హాజరు డెబ్బయ్యయిదు శాతం ఉండాలి. జబ్బు చేసినవాళ్లకు అరవయ్యయిదు చాలు, కానీ మా విభాగం ఆర్డరు కావాలి. ఆమెకప్పటికి అరవయ్యేడు ఉంది. ఆర్డరు రాకపోతే హాల్‌టికెట్ లేదు, ఏడాది పోయినట్టే.

మా సూపరింటెండెంటు నూకరాజు చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. రక్తపరీక్ష కాగితాలు నాలో గుచ్చి, గోడకంటించిన జాబితా చూశాడు.

“అన్నీ ఉన్నాయమ్మా. జబ్బు తగ్గినట్టు సర్టిఫికెట్టొకటి లేదు. అదట్టుకొచ్చీ.”

“ఇది తగ్గీ జబ్బు కాదు సార్. పుట్టుకతో వచ్చింది.”

“అలగైతే ఆ ముక్కే డాక్టరమ్మ చేత రాయించుకొచ్చీ.”

రాయించుకొచ్చింది. ‘ఇది జీవితాంతం ఉండే జబ్బు, నొప్పి లేని రోజుల్లో అందరిలాగే చదువుకోగలదు’ అని హెల్త్ సెంటర్ డాక్టరమ్మ గుండ్రటి అక్షరాలతో రాసింది. అది చదివి నూకరాజు బుర్ర గోక్కున్నాడు. తగ్గలేదంటే పరీక్షకెలా పంపడం? చదువుకోగలదంటే సడలింపెందుకు? నన్ను పై టేబుల్‌కు పంపాడు. పై టేబుల్ వాళ్లు ‘తగ్గినట్టు సర్టిఫికెట్ జతచేయవలెను’ అని రాసి కిందికి పంపారు. తగ్గిందని అబద్ధం రాయనంది డాక్టరమ్మ. ఆమె మాటా నిజమే. అందరి మాటా నిజమే, అదే నా ప్రాణానికొచ్చింది.

నేను కదిలినప్పుడల్లా భాగ్యవతి స్వయంగా రావాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. మా ఆఫీసు తెరిచి ఉండేదీ క్లాసులు జరిగేదీ ఒకే వేళల్లో. ఆరుసార్లు వచ్చింది. నాలుగోసారి మెట్ల దగ్గరే నొప్పి పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మెట్ల దగ్గరికే రిజిస్టరు తీసుకెళ్లి అక్కడే సంతకం పెట్టించారు. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఫైళ్లకు సిగ్గేమిటంటారా? మనుషులెవరూ పడకపోతే ఎవరో ఒకరు పడాలి కదా.

డిసెంబరు చివర డిపార్ట్‌మెంటు నుంచి హాజరు లెక్క వచ్చింది. అరవై నాలుగు. అరవయ్యయిదు హద్దు కిందికి పడిపోయింది. ఇక సర్టిఫికెట్ వచ్చినా లాభం లేదు.

నూకరాజు నన్ను మూసెయ్యబోయి, ఎందుకో ఆగాడు. హాజరు లెక్కనూ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుంటూ పోయాడు. కొత్తగా గైర్హాజరు పడ్డ ఆరు రోజులూ ఆమె మా ఆఫీసుకు వచ్చిన రోజులే. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టాడు. టీ చల్లారిపోయింది.

తర్వాత నా నోట్‌షీటు మీద తన చేత్తోనే రాశాడు: ‘ఈ ఆరు రోజులు విద్యార్థిని మన ఆఫీసులో ఉంది. రమ్మన్నది మనమే. తగ్గని జబ్బుకు తగ్గినట్టు సర్టిఫికెట్ అడిగిన పొరపాటు నాది. ఆ రోజుల్ని హాజరుగా లెక్కించి, ఆ సర్టిఫికెట్ లేకుండానే ఆర్డరు ఇవ్వవలెను.’ ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయన ‘పొరపాటు నాది’ అని రాయడం అదే మొదలట. నన్ను అటెండరు చేతికివ్వకుండా తనే చంకలో పెట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి నడిచాడు. సంతకమైంది.

పరీక్షలకు ముందురోజు భాగ్యవతి వచ్చి ఆర్డరు తీసుకుంది. రెండుసార్లు చదువుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“సార్, వచ్చే సెమిస్టరుకి ఈ ఆర్డరే సరిపోద్దా?”

నూకరాజు ఆమె ముఖం చూడలేకపోయాడు. “లేదమ్మా. ఏ సెమిస్టరుకా సెమిస్టరే. మళ్లీ మొదట్నుంచీ.”

ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

“అలగైతే ఓ తెల్లకాయితం ఇవ్వండి సార్. ఎలాగూ వచ్చాను కదా, ఆ దరఖాస్తు ఇప్పుడే రాసిచ్చేత్తాను. ఇంకో క్లాసు పోకుండా.”

ఇప్పుడు నేను రికార్డు గదిలో కట్టల మధ్య ఉన్నాను. మొన్న నా మీద ఇంకో ఫైలు పడేశారు. కొత్త అట్ట, ఆమె పేరే. నాకంటే లావుగా ఉంది.