ఎర్ర చుక్క దగ్గర

పిప్పెట్లు అయిపోయాయి. వరప్రసాదరావు టెస్ట్ ట్యూబుల దగ్గరికి వచ్చాడు. ఒక్కొక్కదాన్నీ కిటికీ వైపు ఎత్తి చూసి, అడుగున మరక ఉంటే బ్రష్షు పెట్టి తిప్పి, కడిగి, స్టాండులో బోర్లిస్తున్నాడు. నిజానికి వాటిని మురికి చేసినవాళ్లెవరూ లేరు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు ముగిశాక ఆ గదిలో అడుగుపెట్టినవాడు అతనొక్కడే. అయినా సోమవారం వచ్చిందంటే గాజుసామానంతా దింపి కడగాల్సిందే. ఎవరూ ముట్టని వస్తువుకే దుమ్ము ఎక్కువ.

అనకాపల్లిలో ఆ జూనియర్ కాలేజీ ఒకప్పటి బెల్లం గోదాములో నడుస్తోంది. వానాకాలం వస్తే గోడలు చెమర్చి తియ్యటి వాసన కొడతాయి, చీమలు బారులు కడతాయి. కెమిస్ట్రీ లాబ్ వెనకవైపు గదిలో ఉంది. వీధి బోర్డు మీద ‘అధునాతన ప్రయోగశాలలు’ అని రాసి ఉంది కాబట్టి లాబ్ ఉన్నట్టే. దానికో తాళం కూడా ఉంది. పిల్లల రెండేళ్ల చదువులోనూ ఆ తాళం తీసేది పరీక్షల ముందు కొద్దిరోజులే. మిగతా కాలమంతా ఎంసెట్ బిట్లు.

వరప్రసాదరావు చొక్కా ముందు భాగమంతా యాసిడ్ చిందిన చిన్నచిన్న చిల్లులు. వేళ్ల కొసలు పసుపుపచ్చగా మాడిపోయి ఉంటాయి, ఏ సబ్బుకీ వదలవు. సన్నటి మనిషి. మాట్లాడే ముందు ఓసారి దగ్గడం అలవాటు. నక్కపల్లి నుంచి పాస్టరుగారి సిఫార్సు ఉత్తరం పట్టుకుని వచ్చి ఈ లాబ్‌లో అటెండరుగా చేరినప్పుడు మీసాలు నల్లగా ఉండేవి. పదో తరగతి తప్పినవాడు. తప్పడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఫలితాలొచ్చిన రోజు వాళ్ల నాన్న అన్నం ముందు కూర్చుని ముట్టకుండా లేచిపోయాడు. ఆ కంచం అతనికి ఇప్పటికీ గుర్తే.

పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. నిన్న చర్చిలో బల్లలు మోసినందువల్ల అనుకున్నాడు. బయల్దేరుతుంటే భార్య సువార్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆ సెమటేటి? ఆస్పత్రికి ఎల్లొచ్చి అప్పుడెల్లండి. ఆ గాజుముక్కలు ఎక్కడికీ పోవు.”

“సోమారం కదే. కడిగీసి సాయంత్రం ఎల్తాను,” అని సైకిలెక్కాడు.

టెస్ట్ ట్యూబులు సగంలో ఉండగా గుమ్మంలో నీడ పడింది. “అంకుల్, రావచ్చా?”

బిందుమాధవి. కె. కోటపాడు వైపు చెరకు రైతు కూతురు, హాస్టల్లో ఉండి చదివింది. కాలేజీకి ఫస్టొస్తుందన్న ధీమాతో ప్రిన్సిపాల్ ఫ్లెక్సీ కోసం ఆ పిల్ల ఫోటో ముందే తీయించి ఉంచాడు. పిల్ల మాత్రం సైన్సు పరిశోధన నేర్పే ఒక పెద్ద సంస్థకి దరఖాస్తు పెడతానంటోంది. రాష్ట్రం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టే సీట్లు. డాక్టరూ ఇంజనీరూ కాకుండా సైన్సు చదువుతానన్న పిల్లని ఆ కాలేజీలో అదివరకెవరూ చూడలేదు.

“సాయంత్రం పోస్టుకి పడిపోవాలి అంకుల్. అన్నీ రాసేసేను గానీ ఈ ఒక్క పేజీయే ఆగిపోయింది. రెండేళ్లలో మన చేత్తో చేసిన ప్రాక్టికల్సే రాయమన్నారు. అందులో ఒకటి తీసుకుని, అప్పుడేటి చూసేమో సొంతమాటల్లో చెప్పాలట. అబద్ధమని తేలితే సీటిచ్చేక కూడా తీసేత్తారంట.”

“రికార్డుంది కదమ్మా. అది సూసి రాసీ.”

“రికార్డు సీనియర్ అక్కది చూసి ఎక్కించేను. అందరం అంతే కదా.”

వరప్రసాదరావు ఓసారి దగ్గాడు. “టైట్రేషను సేసేవు కదా, పరీచ్చలో. నాను పక్కనే ఉన్నాను.”

“చేసేను. మీరు చుక్క దగ్గర ఆపమన్నారు, ఆపేను. కింద ఫ్లాస్కులో ఏ రంగొచ్చిందో నేను చూడనేలేదు అంకుల్. నేను చూసింది మీ చుక్కే.”

నిష్ఠూరంగా అనలేదు ఆ పిల్ల. ఉన్నమాట చెప్పింది, అంతే. అందుకే అది అతనికి ఎక్కువ తగిలింది.

ఆ చుక్క సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. అతను చేరిన కొత్తలో ప్రాక్టికల్ పరీక్షకి బయటి ఊరినుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు ఒక పిల్లాడు, బ్యూరెట్టు అనే గీతల గాజుగొట్టంలోంచి ద్రావణం బొట్టుబొట్టుగా వదిలి, కింద రంగు మారినప్పుడు కొళాయి ఎక్కడ కట్టాలో తెలియక ఏడ్చేశాడు. వరప్రసాదరావుకి కంచం ముందునుంచి లేచిపోయిన నాన్న గుర్తొచ్చాడు. మరుసటేడు పరీక్ష ద్రావణాలు కలిపాక, జవాబు ఎక్కడ రావాలో లెక్చరర్ని అడిగి తెలుసుకుని, బ్యూరెట్టు మీద ఇరవై గీత దగ్గర కూతురు సుజి గోళ్లరంగుతో సన్నగా చుక్క పెట్టాడు. పిల్లల చెవిలో “సుక్క కాడ ఆపీండి” అన్నాడు. అందరికీ ఇరవై వచ్చింది, అందరూ గట్టెక్కారు. అప్పట్నుంచి ఆ చుక్క ఆచారమైపోయింది. సీనియర్లు జూనియర్లకి చెప్పేవారు. ఎగ్జామినర్లు చూసీ చూడనట్టు భోజనానికి లేచేవారు. తిలా పాపం తలా పిడికెడు. తన లాబ్‌లో ఒక్క పిల్లా తప్పలేదని అతను చర్చిలో కూడా చెప్పుకునేవాడు. జీవితంలో అతను గర్వపడిన సంగతి అదొక్కటే.

ఇప్పుడు లేచి, అలమరలోంచి ఆ బ్యూరెట్టు తీశాడు. కిటికీ వెలుగులో ఎర్ర చుక్క కుంకుమ రవ్వంత కనిపించింది. సొరుగులోంచి బ్లేడు తెచ్చి గీకడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి పూత మీద పూత వేసింది, ఓ పట్టాన వదల్లేదు. పొట్టు రేగి బొటనవేలి గోరు కింద ఇరుక్కుంది.

“ఏటి చేత్తన్నారు అంకుల్?”

“రాయడానికి ఒకటన్నా ఉండాలి కదమ్మా. కూకో. అరుణ్ సార్ని పిలుచుకొత్తాను.”

కెమిస్ట్రీ లెక్చరర్ అరుణ్ కుమార్ కుర్రవాడు, మంచివాడు, భయస్తుడు. ఎమ్మెస్సీ అయ్యాక టైట్రేషను గురించి బోలెడు బిట్లు చెప్పాడు గానీ చేసి చూపించింది లేదు. స్టాఫ్‌రూములో సంగతంతా విని, “ప్రిన్సిపాల్ గారిని అడక్కుండా లాబ్ తీస్తే ఎలా?” అన్నాడు.

“తాళం నా కాడే కదా సార్ ఉంటాది. మీరొచ్చి పక్కన నిలబడితే సాలు.”

అరుణ్ కుమార్ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేసి లేచాడు.

పర్మాంగనేటు అరుణ్ కుమారే తూచి కొత్తగా కలిపాడు. వంకాయ రంగు ద్రావణం బ్యూరెట్టు నిండా ఎక్కింది. ఫ్లాస్కులో ఆక్జాలిక్ యాసిడ్ వేడి చేసి, బిందుమాధవి చేతికిచ్చాడు. మొదటి బొట్టు పడి ఎర్రగా అలాగే ఉండిపోయేసరికి ఆ పిల్ల గాభరాగా తలెత్తింది. “ఆగు, తిప్పుతూ ఉండు,” అన్నాడు. రంగు మెల్లగా పోయింది. తరవాతి బొట్లు పడ్డవి పడ్డట్టే మాయమయ్యాయి. పోనుపోను పోవడానికి తాత్సారం చేశాయి. చివరికి ఒక బొట్టు పడ్డాక ఫ్లాస్కంతా లేత గులాబీ రంగై, ఎంత తిప్పినా పోలేదు.

పిల్ల కొళాయి కట్టి బ్యూరెట్టు వంక చూసింది. ముఖం మాడిపోయింది. చుక్క గీకేసిన చోటుకి చాలా పైనే ఆగింది.

“తప్పొచ్చేసింది సార్. ఇరవై రావాలి కదా.”

“మళ్లీ చెయ్యి.”

మళ్లీ అక్కడే ఆగింది. అరుణ్ కుమార్ ముఖంలో ఏదో వెలిగింది. “ఇరవై అనేది ఆ పరీక్షరోజు కలిపినదానికమ్మా. ఇది ఇవాళ కలిపింది. నీకేది వస్తే అదే రైటు.”

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న వరప్రసాదరావు, “ఇంకోపాలి సేత్తావా తల్లీ? నాను సరిగ్గా సూడలేదు,” అన్నాడు. అది నిజం. ఇన్నేళ్లుగా పరీక్షల్లో అతని చూపు ఒకటి చుక్క మీద, ఒకటి ఎగ్జామినరు మీద. రంగు మారే ఆ క్షణం అతనూ చూడలేదు. ఈసారి ముందుకి వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు. గులాబీ రంగు నిలబడగానే సంతోషమేసింది. వెంటనే, ఎంతమంది పిల్లల్ని తను ఇది చూడకుండా చేశాడో తోచింది. గట్టెక్కించాననుకున్నాడు. కళ్లకి గంతలు కట్టాడు.

బిందుమాధవి అక్కడే బల్ల మీద పేజీ పెట్టుకుని రాసింది. చేసిన ప్రాక్టికల్స్ అన్నచోట ఒక్కటే. చూసినది అన్నచోట మాత్రం గీతలు చాలక అంచు దాకా వెళ్లింది. లెక్చరర్ సంతకం దగ్గర అరుణ్ కుమార్ పెన్ను ఓ నిమిషం ఆగింది గానీ, పెట్టాడు. ఇక ప్రిన్సిపాల్ సంతకం, సీలు.

ప్రిన్సిపాల్ చంద్రమౌళి పేజీ చదివి కళ్లజోడు తీశాడు. కేకలేసే మనిషి కాదు.

“ఒకటా? రెండేళ్లలో ఒక్క ప్రాక్టికల్ చేయించాం అని నా సీలు వేసి పంపమంటావా తల్లీ? కాలేజీ మూసుకోమంటావా?” సొరుగులోంచి టైపు చేయించిన జాబితా తీసి, చకచకా సంతకం పెట్టి, సీలు కొట్టి ముందుకు తోశాడు. సిలబస్‌లోని ప్రాక్టికల్స్ అన్నీ అందులో ఉన్నాయి. “ఇది పెట్టి పంపు. ప్రతి కాలేజీ ఇదే పంపుతుంది. నువ్వొక్కదానివే ఒకటి అని రాస్తే, అక్కడివాళ్లు నిజాయితీపరురాలు అనుకోరు. ఏమీ రాని పిల్ల అనుకుంటారు. నీ మంచికే చెప్తున్నాను.”

అందులోనూ అబద్ధం లేదు. అదే బాధ.

గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ వరప్రసాదరావు దగ్గి, “ఆ పాప సేసింది ఒకటే సార్. నాను సూసేను,” అన్నాడు.

“నువ్వు కూడానా ప్రసాదూ? ఇన్నాళ్లూ చుక్క పెట్టిందెవరు?”

“నానే సార్. అందుకే సెప్తన్నాను.”

చంద్రమౌళి ఫోను మోగితే అటు తిరిగాడు. పిల్ల రెండు కాగితాలూ తీసుకుంది, సీలున్నదీ లేనిదీ.

వరండాలో ఆమె కళ్లు తుడుచుకుని, “నాన్న పోస్టాఫీసు దగ్గర ఉంటానన్నాడు. వేసేసి వచ్చి మీకు చెప్తాను అంకుల్. ఆ ఫ్లాస్కూ అదీ కడగొద్దు. ఇంకోసారి చూసుకుని ఎల్తాను,” అంది. ఏ కాగితం పెడతావని అతను అడగలేదు. అడగడానికి తనకేం మొహం ఉందనిపించింది.

అరుణ్ కుమార్ క్లాసుకి వెళ్లిపోయాడు. వరప్రసాదరావు లాబ్‌లోకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాడిన సామాను కడక్కుండా కూర్చోవడం అతనికి ఎన్నడూ లేదు. చెయ్యి అటే పోతోంది. కడగొద్దంది కదా అని సర్దుకున్నాడు. ఆ పిల్ల సీలున్న కాగితం పంపినా తప్పు పట్టకూడదు ప్రభువా, ఆ తప్పు నా లెక్కలో రాసుకో అని మనసులో అనుకున్నాడు. భుజం నొప్పి మెడకెక్కింది. వెనక సందులో లారీకి బెల్లం దిమ్మలు ఎత్తుతున్న కూలీల కేకలు వినిపిస్తున్నాయి. గోడకి తల ఆనించాడు. ఎండ బల్ల మీంచి జారి నేల మీదికొచ్చింది.

బిందుమాధవి తిరిగొచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని మెల్లగా చెప్పింది.

“ఒకటే రాసిన కాగితం పెట్టి పంపేసేను అంకుల్. సీలు లేపోతే చూత్తారో లేదో తెలీదంట. నాన్న తిట్టేడు. అయినా పంపేసేను.”

జవాబు రాలేదు. దగ్గూ రాలేదు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. బొటనవేలి గోరు కింద ఎర్రటి పొట్టు ఇంకా అలాగే ఉంది.

ఆమె కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు. సువార్త వచ్చి, ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, “సాయంత్రం ఎల్తానన్నాడు ఆస్పత్రికి,” అని మాత్రం అంది. మర్నాడు కాలేజీకి సెలవిచ్చారు. అరుణ్ కుమార్ లాబ్‌కి తాళం వేశాడు. బల్ల మీద సామాను కడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ సంస్థ నుంచి బిందుమాధవికి పిలుపు రాలేదు. జూన్ అంతా ఎదురుచూసి, ఊళ్లోనే డిగ్రీలో చేరింది.

జనవరిలో పరీక్షల ముందు లాబ్ తీశారు. చుక్క సంగతి పిల్లల దగ్గర విన్న కొత్త అటెండరు పైడిరాజు దుమ్ము దులిపి, స్టాండుకున్న బ్యూరెట్టులో పర్మాంగనేటు ఎండి మిగిలిన, ఎంత కడిగినా పోని గోధుమరంగు గీత ఒకటి చూసి, అరుణ్ కుమార్ని పిలిచాడు.

“పిల్లల్ని ఇక్కడే కదండి ఆపమనాలి?”

అరుణ్ కుమార్ ఆ బ్యూరెట్టు విప్పి, తనే తీసుకెళ్లి అలమర పై అరలో పెట్టి, తలుపు మూశాడు. అది అక్కడే ఉంది. ఇరవై దగ్గర బ్లేడు గీరిన గరుకు, దానికి రెండు వేళ్ల పైన, ఆ పిల్ల చేయి ఆపిన చోట, ఎండిన గోధుమరంగు గీత.