కళ్ళం నుంచి తొంభై ఐదు

డ్రోను ఎత్తును ఎక్కడి నుంచి లెక్కపెడుతుందో మా బావగారు మందణ్ణకు ఈ కోతల కాలంలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఒకసారి మా ఇంటి మెట్ల మీద స్టీలు గ్లాసు పెట్టి మరీ చూపించాను. ఆయన తల ఊపి, బెల్లం కాఫీ తాగి, పైకి వెళ్ళిపోయారు. మర్నాడు డ్రోను మా చేతికొచ్చేసరికి నంబరు మళ్ళీ ముప్పై ఐదే.

మా రెండిళ్ళకూ కలిపి డ్రోను ఒకటే. ఆయన ఇల్లు ఎదుటి కొండ నెత్తిన, మాది కింద, కాఫీ ఆరబోసే కళ్ళం పక్కన. రాత్రిపూట ఏనుగులు తోటల్లోకి దిగుతాయి. తెల్లవారాక అవి ఎక్కడున్నాయో తెలిస్తేనే కూలీలు కోతకు వెళ్తారు. రెండేళ్ళ కిందట పొగమంచులో ఏమీ కనబడక బోళి తోడికోడలు ఏనుగుకు ఎదురుపడి చనిపోయింది. ఆ తర్వాతే డ్రోను కొన్నాం. బోళి మా కోత జట్టుకు పెద్ద. అప్పటి నుంచి తెర మీద చూడనిదే చెట్ల మధ్యకు అడుగు పెట్టదు, తనవాళ్ళను పెట్టనివ్వదు.

నంబరు సంగతి చిన్నదే. కొండ అడ్డొచ్చి సిగ్నల్ తెగిపోతే డ్రోను దానంతటదే వెనక్కి బయలుదేరుతుంది. మనం పెట్టిన ఎత్తుకు లేచి, అక్కడి నుంచి తిన్నగా వచ్చేస్తుంది. దారిలో ఏముందో దానికి తెలియదు. మాది చవక రకం, ఎదురుగా చెట్టున్నా ఆగదు. ఆ ఎత్తు అది లేచిన చోటి నుంచి లెక్క. బావగారు కొండ మీంచి ఎగరేస్తారు కాబట్టి ఆయనకు ముప్పై ఐదు మీటర్లు చాలు. ఇంకా పైకి పంపితే మబ్బులో పడుతుంది, ఒకసారి పడింది కూడా. మా కళ్ళం నుంచి ఎగరేస్తే మాత్రం మధ్యలో మా పై తోట కొండ ఉంది. కొండ యాభై, దాని మీది సిల్వర్ ఓక్ చెట్లు ముప్పై, గాలికీ నా లెక్కలో తప్పుకీ కలిపి ఇంకో పదిహేను. తొంభై ఐదు.

మా వైపు చెట్టు ఎత్తును మీటర్లలో చెప్పేవాళ్ళు లేరు. మిరియాలు కోసే నిచ్చెనలతో చెబుతారు, ఒక్కోటి పది మీటర్లు. రెండు నిచ్చెనల చెట్టు, మూడు నిచ్చెనల చెట్టు. బావగారి లెక్కా అదే. మన తోటల్లో మూడు నిచ్చెనలు దాటిన చెట్టు ఒక్కటి చూపించు, ముప్పై ఐదు మీటర్లు ఎలా తక్కువయ్యాయో చెప్పు, అంటారు. అలాంటి చెట్టు లేదు, నిజమే. కానీ నిచ్చెనను చెట్టు మొదట్లో వేస్తారు. డ్రోను కళ్ళంలో మొదలవుతుంది. ఇది చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చి, ఎగరేసే ముందు నేనే మౌనంగా మార్చుకుంటూ వచ్చాను.

ఆ రోజు నాకా అవకాశం దొరకలేదు. పై తోటలో పండు నల్లబడి రాలుతోంది. వాన సూచన ఉంది. మర్నాటి నుంచి బోళి జట్టు వేరే తోటకు మాట ఇచ్చేసింది. ఏడాది పంటలో పెద్ద భాగం ఆ కొండ మీదే ఉంది, కోస్తే ఆ రోజే కోయాలి. నేను పొయ్యి దగ్గర అక్కి ఒట్టీలు, అదే బియ్యప్పిండి రొట్టెలు, తిప్పుతుంటే బావగారు డ్రోను పెట్టెతో దిగివచ్చారట. రాత్రి ఏనుగుల మంద ఆయన కంచె తెంపుకుని మా వైపు వచ్చిందట. ఎక్కడికి పోయాయో తానే పట్టుకుంటానన్నారట. పిండి చేతులతో నేను బయటికి వచ్చేసరికి డ్రోను గాల్లో ఉంది. బోళి జట్టు ఆయన చుట్టూ నిలబడి ఉంది.

"బావగారూ, ఎత్తు మార్చారా?"

"మార్చడానికేముందమ్మా. ముప్పై ఐదు పెట్టే ఉంది."

"ఇది కళ్ళం. మీ ఇల్లు కాదు."

"కళ్ళమైనా కైలాసమైనా చెట్టు చెట్టే. కూరలో ఉప్పు రవ్వలు కూడా లెక్కపెట్టే మనిషివి నువ్వు, దేచమ్మా."

ఆడకూలీలు నవ్వారు. సిగ్నల్ ఉన్నంతసేపూ నంబరు మార్చడం క్షణం పని, రిమోటు ఒకసారి ఇవ్వమని చెయ్యి చాపాను. ఆయన భుజం అటు తిప్పుకున్నారు. నా భర్త పూవయ్య అన్నగారి ముందు గొంతు ఎత్తడు. నా వైపు చూడకుండానే, "పోనీలే, అన్నయ్య ఎగరేస్తున్నాడు కదా," అన్నాడు.

డ్రోను కొండ దాటింది. అవతలి పల్లంలో చెరువు కనిపించింది. గట్టు పక్కన చెట్ల కింద బూడిదరంగుగా ఏదో ఉంది. అదేమిటో చూడటానికి ఆయన డ్రోనును దించసాగారు. ఇంక దించవద్దన్నాను. ఇంకాస్త దించారు. తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలై నిలిచిపోయింది. రిమోటు కీచుమనడం మొదలుపెట్టింది. బావగారు దాన్ని తలపైకి ఎత్తి కళ్ళమంతా తిరిగారు, పిట్టగోడ ఎక్కారు. నేను కొండ వైపే చూస్తూ నిలబడ్డాను. రావాలంటే ఆ చెట్ల పైనుంచి రావాలి. రాలేదు. కాసేపటికి కీచుమనడం కూడా ఆగిపోయింది.

ఆయన గోడ దిగి, చెరువు దాకా చూశాం కదా, ఏమీ లేవు, ఆ కనిపించింది బండే, మంద ఏటికి దిగిపోయి ఉంటుంది, జట్టును పంపించండి, అన్నారు. పూవయ్య మబ్బు వైపు చూసి, రేపు వీళ్ళు ఉండరు, అన్నాడు. నన్ను అడగలేదు గానీ అడిగినట్టే నిలబడ్డాడు.

బోళి అన్నదమ్ములిద్దరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మీరు చూశారా?"

చూశానంటే కోత మొదలవుతుంది. ఇంట్లో ఎవరూ నన్నేమీ అనరు. ఆ పొద్దున్న నాకు వాదించే ఓపిక కూడా లేదు.

"చెరువు వరకూ చూశాను. పక్కనున్నది బండో ఏనుగో చూడలేదు. పై తోట అవతలి వాలు అసలే చూడలేదు."

బోళి నడుముకు కట్టిన గోనెపట్టా విప్పి కింద పరుచుకుని కూర్చుంది. జట్టంతా కూర్చుంది.

"ఒక ఆడదాని అనుమానానికి తోటంతా రాలిపోనీ," అన్నారు బావగారు. నేను లోపలికి వెళ్ళాను. పెనం మీది ఒట్టీ మాడిపోయింది.

అటవీశాఖ కాపలావాళ్ళు టపాసులు తీసుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళు కాల్చుకుంటూ ముందు నడిస్తే బావగారు, నేను, బోళి వెనక వెళ్ళాం. పూవయ్య మోకాలి నొప్పితో కొండ ఎక్కలేడు. అవతలి వాలులో కాఫీ మొక్కలు నేలకు అణిగి ఉన్నాయి. పేడ ఇంకా వెచ్చగా ఉంది. పిల్లతో ఉన్న తల్లి ఏనుగు టపాసుల చప్పుడుకు ఇప్పుడే ఏటివైపు దిగిందని కాపలావాళ్ళు చెప్పారు. పొద్దున్న జట్టు ఎక్కాల్సిన బాట సరిగ్గా అక్కడికే వస్తుంది. బోళి ఆ పేడను చూసింది, తనవాళ్ళను పిలవడానికి వెనక్కి తిరిగింది.

డ్రోను కొంచెం కిందుగా దొరికింది. చెట్టు కొమ్మల్లో కాదు, మొదట్లో మిరియాల తీగలో, మనిషి నడుం ఎత్తున ఇరుక్కుని ఉంది. దానికి పైన చెట్టంతా ఉంది, ఆ చెట్టుకు పైన ఇంకా కొండ ఉంది. బావగారు దాన్ని తీయకుండా మెడ వెనక్కి వాల్చి పైకి చాలాసేపు చూశారు.

"చెట్టు కాదు," అన్నారు. "కొండకే కొట్టుకుంది."

"అవును."

చీకటి పడేవరకూ కోస్తే పై తోటలో సగం అయింది. మిగతా సగం ఆ రాత్రి వానకు రాలిపోయింది.

విరిగిన రెక్కలు రెండే, ఇంట్లో వేరేవి ఉన్నాయి, బిగించాను. మర్నాడు బావగారు డ్రోను పెట్టె, ఛార్జరు తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. ఇకనుంచి రెండిళ్ళకూ నువ్వే ఎగరెయ్యాలి, నంబరు నీ ఇష్టం, నేను ముట్టుకోను, అన్నారు. అది పెద్ద మాటే, ఆయన నోటి నుంచి అంతకన్నా రాదు. పూవయ్య ముఖం వెలిగింది.

నేను మాత్రం ఆయన తోట మా కళ్ళం నుంచి కనబడదన్న సంగతి ఆలోచిస్తున్నాను. రోజూ తెల్లవారకముందే పైకెక్కాలి, అక్కడ ముప్పై ఐదు పెట్టి ఎగరెయ్యాలి, దిగివచ్చి ఇక్కడ తొంభై ఐదు పెట్టి ఎగరెయ్యాలి, తర్వాత పొయ్యి వెలిగించాలి.

"పొద్దున్నే మీ జీపు పంపండి, బావగారూ," అన్నాను. "నడిచి ఎక్కే ఓపిక నాకు లేదు."