రఫూ ముందు, తెలుపు తర్వాత

సూరత్ పక్క పల్సానా నుంచి పాండేసర దాకా ఎన్ని సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతున్నాయో లెక్క చెప్పేవాడు లేడు గానీ, ఆ మేరలో రాజనర్సు పళ్ళంత గట్టి పళ్ళు ఇంకొకడికి లేవు. ఒక వానాకాలం పల్సానా దారిలో గుడ్డ తాన్ల టెంపో బురదలో దిగబడింది. పదిమంది తోసినా కదలని ఆ బండిని రాజనర్సు మోకు పళ్ళతో కరిచి ఒక్క గుంజు గుంజాడు. బండి బయటపడడమే కాదు, ఆ ఊపుకు సూరత్ నడిబజారుకు వచ్చి గానీ ఆగలేదు. నమ్మనివాళ్ళు డ్రైవరును అడగవచ్చు. అతను ప్రస్తుతం ఊళ్ళో లేడు, అది వేరే సంగతి.

అలాంటి పళ్ళున్న మనిషి పోయినేడు దీపావళి ముందు అద్దం ఎదుట నిలబడి, పెదవి పైకెత్తి, తన నోరు తానే చూసుకుని దిగులుపడ్డాడు.

రాజనర్సుది కోరుట్ల పక్క పల్లె. సూరత్ వచ్చి ఇరవయ్యారేళ్ళు. మొదట పన్నెండేళ్ళు సాంచాలు నడిపాడు. చూపు మంచిదని తర్వాత యజమాని అతన్ని గుడ్డ పరీక్షకు కూర్చోబెట్టాడు. సాంచా మీంచి దిగిన ముడిగుడ్డ తాన్లను వాలుబల్ల మీద పరిచి, పోగు తెగినచోటా చిరుగు పడినచోటా సుద్దతో గుండ్రంగా చుట్టడం అతని పని. సుద్ద పడిన తాను రఫూకు పోయి కుట్టు వేయించుకోవాలి. ఆ తర్వాతే పాండేసర మిల్లుకు, తెల్లబరచడానికి. తొందరలో ఉన్న యజమాని "పోనీలే, తెల్లగైతే ఎవడు చూస్తాడు" అన్నా రాజనర్సు సుద్ద తుడిచేవాడు కాదు. చిరుగున్న గుడ్డ మందు నీళ్ళలో ఉడికితే వేలు పట్టే కంత తల పట్టేంత అవుతుందని అతనికి తెలుసు.

పని బాగానే ఉంది. బాధల్లా ఒకటే. రాజనర్సు మాటకారి. సాంచాల మోతలో మాట వినపడదు. పక్కవాడితో చెప్పాలన్నా చేతులు తిప్పాలి. పొట్ట నిండా కథలు పెట్టుకుని ఇరవయ్యారేళ్ళు మూగవాడిలా బతకడం ఎంత కష్టమో మాటకారులకే తెలుస్తుంది.

అందుకే సలాబత్‌పురాలోని చీరల కొట్టు సేఠ్ కబురు పెట్టగానే అతని ప్రాణం లేచి వచ్చింది. జగిత్యాల, ఆర్మూరు వైపు నుంచి వచ్చే టోకు బేరగాళ్ళకు చీర విప్పి తెలుగులో చెప్పే మనిషి కావాలట. గుడ్డ తెలిసినవాడు, నోరున్నవాడు. సేఠ్ అంతా విని, చివరికి హిందీలో మెల్లగా అన్నాడు.

"అన్నీ బాగున్నాయి భాయ్. కానీ నువ్వు నవ్వితే గిరాకీ చీరను చూడదు, నీ పళ్ళను చూస్తుంది. పదిహేను రోజుల్లో నోరు బాగుచేసుకుని రా. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాను."

సేఠ్ తప్పేమీ లేదు. ఇరవయ్యేళ్ళ గుట్కా ఆ పళ్ళను ఇటుక రంగులో ముంచింది. ముందు పన్నులో నల్లటి కంత, దాని వెనక పగిలిన పన్ను, ముట్టుకుంటే నెత్తురొచ్చే చిగుళ్ళు.

మర్నాడే అతను పళ్ళ డాక్టరు సింధూజ దగ్గరికి పోయాడు. ఆమె కూడా సాంచాల ఇంటి పిల్లే, సూరత్‌లోనే పుట్టి పెరిగింది.

"బిడ్డా, తెల్లగ చెయ్యాలె. పదిహేను రోజులల్ల."

ఆమె అద్దం పెట్టి నోరంతా చూసింది. "కాకా, తెల్లగ చేసుడు ఆఖరి పని. పహిలే చిగుళ్ళు సాఫ్ చెయ్యాలె. కంత నింపాలె. ఈ పగిలినదానికి రూట్ కెనాల్ చెయ్యాలె. రెండు నెలలు పడ్తది."

"కంత ఎనక చూస్తం తియ్యి. పైపైన జర తెలుపు కొట్టు."

"తెలుపు కొట్టనీకి ఇది గోడ కాదు కాకా. మందు కంతల నుంచి లోపల నరానికి పోతది. నువ్వు ఇక్కడ అరిస్తే నీ ఊర్ల వినపడ్తది. అసలు ఈ పన్ను ఎట్ల పగిలింది?"

రాజనర్సు టెంపో కథ ఎత్తుకున్నాడు. ఆమె కళ్ళు ఎగరేసి వింది. అతను బండిని నడిబజారు దాకా తెచ్చేసరికి ఆమె సూది చేతిలోకి తీసుకుంది. సూదిని చూడగానే నిజం దానంతటదే బయటికొచ్చింది.

"అబద్ధమెందుకు బిడ్డా. మోకు కరిచింది నిజమే. ఒక చేతుల గొడుగు, ఇంకొక చేతుల సద్దిగిన్నె, ఇంక దేనితోని పట్టుకోవాలె? టెంపో కదల్లే. పన్ను కదిలింది."

మొదట్లో గొప్పగా చెప్పిన టెంపో సంగతి ఇదీ. దాన్ని బయటికి లాగింది ఒక ట్రాక్టరు.

"మరి తెల్లగ చేసే మందు ఏంది బిడ్డా?" అని లేస్తూ అడిగాడు.

"పెరాక్సైడ్," అంది ఆమె, వేరే మనిషిని పిలుస్తూ.

అక్కడే దెబ్బ తగిలింది. ఇంకెవరైనా అయితే ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్ళు. రాజనర్సుకు ఆ మందు డ్రమ్ములతో సహా తెలుసు. పాండేసర మిల్లులో నూలుగుడ్డను తెల్లబరిచేది దానితోనే. ఆ పని చేసేది అతని దోస్తు బ్రహ్మచారి. రెండు నెలలు కూర్చోమనే డాక్టరెందుకు, మందు మన ఇంటిదే అయినప్పుడు?

ఆదివారం పొద్దున బ్రహ్మచారి దగ్గరికి పోయి, తెల్ల అంగీ మీద మరక పడిందని చెప్పి సీసాలో ఒక వేలెత్తు మందు అడిగాడు.

"పైలం అన్నా. గిది గుడ్డ మందు. తోలుకు తగిలితే సున్నం లెక్క తెల్లగైతది," అన్నాడు బ్రహ్మచారి.

తెల్లగవుతుంది అన్న మాటే రాజనర్సు చెవికెక్కింది. పైలం, అంటే జాగ్రత్త, అన్నది ఎక్కలేదు.

మధ్యాహ్నం అతని భార్య గంగవ్వ, తాను ఇంట్లో కూర్చుని మెరుపురాళ్ళు అతికించిన చీరలను కార్ఖానాలో అప్పజెప్పడానికి వెళ్ళింది. రాజనర్సు దూది ముంచి ముందు పళ్ళ మీద అద్దాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడో లేదో, చిగురు భగ్గుమంది. కంతలోకి దిగిన చుక్క నెత్తిన మేకు కొట్టినట్టు చెవిదాకా పోయింది. కుండలో నీళ్ళన్నీ పుక్కిలించినా మంట ఆగలేదు. అరవబోతే నాలుక కదలదు.

గంగవ్వ వచ్చేసరికి మొగుడు గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. పైచిగురు సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. సీసా చూసింది, వాసన చూసింది.

"పండ్లు తెల్లగ చెయ్యమంటే చిగుళ్ళు తెల్లగ చేసుకున్నవా? ఓరి దేవుడా, పెండ్లయి ముప్పయ్యేండ్లకు ఇయ్యాల నోరు మూసిండు నా మొగడు!" అంటూనే చెప్పులు తొడుక్కుంది. అంటూనే ఏడ్చింది కూడా.

దవాఖానలో సింధూజ తిట్టలేదు. చిగుళ్ళు కడిగి మందు పూసింది. మింగి ఉంటే పేగులు కాలిపోయేవని మాత్రం చెప్పింది. చల్లబడ్డాక పంటి ఎక్స్‌రే తీసి తెరమీద పెట్టింది. కంత ఎంత లోతు పోయిందో చూపించడానికి దాని చుట్టూ ఎర్రటి గీత గుండ్రంగా తిప్పింది.

రాజనర్సు ఆ గుండ్రం వంక చూస్తూ ఉండిపోయాడు. పద్నాలుగేళ్ళుగా అదే గుండ్రం అతను చుడుతూ వచ్చాడు. తొందరపడ్డ యజమాని ఎన్నిసార్లు బతిమాలాడో, తాను ఎంత బిర్రుగా తల అడ్డంగా ఊపాడో గుర్తొచ్చింది. ఇతరుల గుడ్డ మీద చిరుగు కనిపించినంత తేలికగా సొంత నోట్లోది కనిపించదు. కనిపించినా, దాని మీద సుద్ద గీయడానికి చెయ్యి రాదు. సేఠ్ పెట్టిన గడువు మనసులో మెదిలింది. ఆ కొట్టులో కూర్చుని మాట్లాడుకునే పగళ్ళు చేజారిపోతున్నాయనిపించింది. అయినా వేలెత్తి తెరవైపు చూపించి, వాచిన నోటితో ముద్దముద్దగా అన్నాడు.

"రఫూ చెయ్యి బిడ్డా. ఎన్ని దినాలైనా."

మర్నాడు అదే వాచిన మూతితో సలాబత్‌పురా పోయి సేఠ్ ముందు నిలబడ్డాడు. గడువు లోపల కాదని చెప్పాడు. ఎందుకు కాదో చెబుతూ, చిరిగిన తానును తెల్లబరిస్తే ఏమవుతుందో తన నోరే తెరిచి చూపించాడు. టెంపోతో మొదలుపెట్టి బ్రహ్మచారి సీసా దాకా వచ్చేసరికి సేఠ్ మోగుతున్న ఫోనును పక్కన పెట్టేశాడు. గుమాస్తాలు చీరలు మడతపెట్టడం ఆపేశారు.

"నీకు ఇంతసేపు మాట్లాడడానికి నోరు నొప్పి పుట్టదా?" అన్నాడు సేఠ్.

"పుడుతోంది సేఠ్."

"అయినా ఆపలేదు." సేఠ్ గుమాస్తాల వైపు చెయ్యి చూపించాడు. "రెండు నెలలు ఈ గుమాస్తాలతోనే నెట్టుకొస్తాను. గుడ్డలో లోపం దాచకుండా చెప్పేవాడు నాకు కావాలి. నోరు బాగయ్యాకే రా."

ఆ రెండు నెలలు గంగవ్వ జావ కాచి పోసింది. చిగుళ్ళు శుభ్రం చేయగానే ఇటుక రంగు సగం పోయింది. అసలు రంగు తన పళ్ళకూ ఒకటుందని రాజనర్సు అప్పుడు తెలుసుకున్నాడు. గుట్కా మానమంది సింధూజ. మూడుసార్లు మాని, నాలుగోసారి నిజంగా మానాడు. పగిలిన పన్నుకు నరం వైద్యం చేసి తొడుగు వేసింది. ముందు పన్ను కంతను శుభ్రంచేసి తాత్కాలికంగా మూసింది. దవాఖాన మందుతో, చిగుళ్ళకు తగలకుండా, పళ్ళు తెల్లబరిచాక రెండు వారాలు ఆగి ఆ రంగుకు సరిపడేలా అసలు పూత నింపింది. నింపిన ముక్క మందుకు తెల్లబడదని ఆమె చెప్పబోతుంటే రాజనర్సు అందుకున్నాడు.

"వేరే లాటు నూలు బిడ్డా. ఒక్క తీరు రంగు ఎట్ల పడ్తది!"

కొట్టులో మొదటిరోజు ఆర్మూరు నుంచి ఒక పెద్దావిడ తన కొడుకుతో టోకు బేరానికి వచ్చింది. రాజనర్సు చీర విప్పి, అంచులో ఒక పోగు తెగిందని తానే చూపించి, ఇంకొకటి తీశాడు. ఆవిడ చీర వంక చూడడం మాని, "నీ పండ్లు పాల లెక్క ఉన్నయి కొడుకా, ఎవలు చేసిండ్రు?" అంది. రాజనర్సు నవ్వి, వానాకాలం, పల్సానా దారి, టెంపో అంటూ మొదలుపెట్టాడు.

ఇందులో ఆ పెద్దావిడను నేనే పుట్టించాను. కొడుకొక్కడే వచ్చాడు. చీర అంచు చూశాడు, తెగిన పోగు చూశాడు, చాయ్ అడిగాడు, మొత్తం కథ విన్నాడు. రాజనర్సు పళ్ళవైపు అతను గానీ ఆ రోజు వచ్చిన ఇంకెవరు గానీ ఒక్కసారైనా చూడలేదు. అవి పాల రంగు కూడా కాదు, పలచటి గంజి రంగు. కానీ రెండు నెలలు జావ కాచిన మనిషి ఈ కథ చదివించుకుని వింటుందని తెలుసు. ఎవరూ చూడలేదని గంగవ్వకు ఎట్లా చెప్పను?