పడ్గో నుదుటి బొట్టు

బిందుమాధవి అబద్ధాలకోరు కాదు. ఈ మాట ముందే చెప్పేయడం నయం, లేకపోతే కథ సగంలోనే మీరు ఆవిడ మీద ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. పదహారేళ్లుగా అమెరికాలోని అరోరాలో కాపురం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. అంటే ఎదుటివాళ్ల తప్పులు పట్టుకున్నందుకు జీతం తీసుకునే మనిషి. అలాంటి మనిషి, దసరా ఆదివారం నాడు, ఇంటినిండా పేరంటాళ్లు ఉండగా, తన తప్పు తీసుకెళ్లి అత్తగారి నెత్తిన పెట్టింది. అదీ ఆవిడ పక్కనే నిలబడి అందరినీ చూసి నవ్వుతూ ఉండగా!

ఇదంతా ఒక మట్టిబొమ్మ వల్ల. బొమ్మ పేరు పడ్గో.

పడ్గో తెలియని ఇల్లు ఆ దేశంలో ఉండదు. అరవై ఏళ్ల కిందట పిల్లల కోసం టీవీలో వచ్చిన బొమ్మల కథలకి వాడే హీరో. గుమ్మడిపండు రంగు మట్టితో చేసిన బొజ్జ మనిషి, చేతికి మూడే వేళ్లు, నెత్తిన ఒకే ఒక్క పిలక. మట్టిని కాస్త కదిపి ఒక ఫొటో, ఇంకాస్త కదిపి ఇంకో ఫొటో తీసి, వేల ఫొటోలు గబగబా తిప్పితే వాడు నడిచేవాడు, పడేవాడు, లేచి దులుపుకునేవాడు. వాడికి ఏదైనా ఉపాయం తడితే నుదుటి మధ్య చిన్న సొట్ట పడేది. ఆ సొట్ట పడగానే పిల్లలు టీవీల ముందు గెంతులేసేవాళ్లట.

షో ఎప్పుడో ఆగిపోయింది కానీ సొట్ట ఆగలేదు. తర్వాతి రోజుల్లో కామెడీ వాళ్లు పడ్గోని వెక్కిరించారు. ఆ వెక్కిరింపు చూసి కాలేజీ పిల్లలు వాడిని మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. టీషర్టులు, కాఫీ మగ్గులు, హాలోవీన్ వేషాలు, భుజాల మీద పచ్చబొట్లు, ఇప్పుడు ఫోన్లలో స్టిక్కర్లు. బిందుమాధవి ఆఫీసులో మేనేజర్ మీటింగ్ మధ్యలో బొటనవేలితో నుదురు నొక్కుకుంటే, ఆయనకి ఐడియా వచ్చిందని అందరికీ అర్థమవుతుంది. ఆవిడ కూతురు, పన్నెండేళ్ల నైనిక హోంవర్క్ చేస్తూ అదే పని చేస్తుంది. ఆ షో ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు ఆ పిల్ల.

ఆ సొట్ట అసలు ఎవరి వేలిదో బిందుమాధవికి పక్కింటి మార్జరీ చెప్పింది. మార్జరీకి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ భర్త హెరాల్డ్ ఆ షోలో బొమ్మలు కదిపేవాడు. ప్రతిసారీ ఆ సొట్ట ఆయన తన బొటనవేలితో నొక్కిందే. ఆ వేలికి అడ్డంగా పాత కత్తిగాటు ఒకటి ఉండేది, అది కూడా మట్టిలో సన్నని గీతలా పడేది. షో ఆఖరి రోజున వాడిన బొమ్మని ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. వేలిముద్ర మాత్రం అలాగే ఉంది. షికాగోలో ఒక మ్యూజియం వాళ్లు పడ్గో మీద ఎగ్జిబిషన్ పెడుతూ, ఆ ముద్ర ఉన్న బొమ్మ కావాలని ఆవిడని బతిమాలుకున్నారు. సోమవారం వచ్చి పట్టుకెళతామన్నారు.

మార్జరీ ఏటా బొమ్మల కొలువు చూడ్డానికి వస్తుంది. ఈ ఏడాది కొలువు మెట్లు సర్దుతుండగానే వచ్చి, "మా వాడు ఇన్నేళ్లూ బీరువాలో ఒంటరిగా కూర్చున్నాడు. మ్యూజియంకి వెళ్లేముందు ఒక్కరోజు మీ బొమ్మల మధ్య కూర్చోనిస్తావా?" అని అడిగింది. అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడి మీద మూసి ఉన్న అద్దాల పెట్టె మాత్రం తియ్యొద్దంది. అది ఎన్నేళ్లయినా మెత్తగానే ఉండే నూనెమట్టి, వేలు తగిలితే ముద్ర పోతుందంది. "ఛ, ముట్టుకుంటామా!" అంది బిందుమాధవి. ఆ వేలి కథంతా తెలుగులో అత్తగారికీ చెప్పింది.

ఆదివారం పొద్దున ఇంట్లో నలుగురూ ఎవరి పనిలో వాళ్లున్నారు. భర్త అనిరుధ్ గుడికి పూలకోసం వెళ్లాడు, నైనిక పైన నిద్రపోతోంది, అత్తగారు ఆండాళమ్మ వంటింట్లో శనగలు తాలింపు వేస్తోంది. ఆవిడ నెల్లూరు నుంచి వచ్చి ఐదు నెలలైంది. వాళ్లింటి పద్ధతిలో కొలువెక్కిన ప్రతి బొమ్మకీ బొట్టు పెట్టాల్సిందే. దేవుడా, కొట్లో కూర్చున్న చెట్టియారా, ప్లాస్టిక్ ఏనుగా అని చూడరు. మెట్టెక్కిన వాడు పేరంటానికి వచ్చినవాడి కిందే లెక్క.

"పెట్టెలో ఉన్నాడు చూడు, వాడికి అద్దం మీద పెట్టవే బిందూ, చాలు. పరాయి సొత్తు," అని వంటింట్లోంచే కేకేసింది ఆండాళమ్మ.

"అలాగే అత్తయ్యా," అంది బిందుమాధవి. అని ఏం చేసింది? ముందు ఫొటో తీసింది. అద్దంలో కిటికీ వెలుగు పడి పడ్గో సరిగా కనపడలేదు. వాట్సాప్ గ్రూపులో ఉన్న ఎనభైమందీ ఈ ఫొటో కోసమే చూస్తున్నారని ఆవిడ నమ్మకం. ఒక్క నిమిషమే కదా అని పెట్టె పైకెత్తి పక్కన పెట్టింది. మళ్లీ చూస్తే అన్ని బొమ్మల నుదుటా ఎర్రగా బొట్టు, వీడి నుదురొక్కటే బోసిగా ఉంది. మధ్యలో ఆ సొట్ట, బొట్టు కోసమే చేసినట్టు! చేతిలో కుంకుమ భరిణె ఉండనే ఉంది. ఉంగరపు వేలు తడిపి, కుంకుమ అద్ది, సొట్టలో పెట్టేసింది. ఫొటో తీసింది, పంపింది. రెండు నిమిషాల్లో ముప్ఫై హార్టులు వచ్చాయి.

అప్పుడు నాలుక్కరుచుకుంది.

ఇక్కడితో ఆగినా బాగుండేది! కుంకుమ సొట్టలో ఉంది, దాని కింద ముద్ర భద్రంగానే ఉంది. మార్జరీకి ఫోన్ చేసి పొరపాటు అయిందని చెబితే మ్యూజియం వాళ్లే ఏదో ఒకటి చేసుకునేవాళ్లు. బిందుమాధవికి ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, సిగ్గేసింది. చదువుకున్నదాన్ని, ముట్టుకోవద్దని చెప్పి మరీ ఇచ్చిన వస్తువుని ముట్టుకున్నాను అని ఏ మొహంతో చెప్పడం? అందుకని దూదితో తుడిచింది. ఎరుపు పాకింది. తడిగుడ్డతో తుడిచింది, నుదురంతా కమిలినట్టయింది. గోరుతో మెల్లగా గీకింది. ఎర్రమట్టితో పాటు అసలు మట్టి కూడా పొరలా లేచి వచ్చి గోటి కింద చేరింది. కత్తిగాటు గీత ఎక్కడా లేదు.

 మెట్ల ముందు చతికిలబడి, వంటింటి వైపు ఒకసారి చూసి, చదునైపోయిన ఆ నుదుటి మీద తన బొటనవేలు పెట్టి నొక్కింది. సొట్ట పడింది. దూరం నుంచి చూస్తే అచ్చం పాతదే. పెట్టె మళ్లీ మూసింది. ఆ క్షణంలో తన మీద తనకే ఎంత అసహ్యం వేసిందంటే, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

నాలుగింటికి పేరంటం. శ్రీవిద్య వచ్చింది, స్పందన వచ్చింది, మొత్తం ఏడుగురు తెలుగువాళ్లు. చివర మార్జరీ ఊదారంగు శాలువా కప్పుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆండాళమ్మకి వంగి దండం పెట్టి, నేరుగా మెట్ల దగ్గరికి నడిచింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టె దగ్గరికి వంగింది. 

"బిందూ, హెరాల్డ్ వేలు ఏదీ?" అని అడిగింది.

కోపం లేదు ఆ గొంతులో. తప్పిపోయిన పిల్లాడి గురించి అడిగినట్టు అడిగింది.   అందరూ ఇటే చూస్తున్నారు.

"ఇది ఆయన వేలు కాదు, చాలా చిన్నది," అంది మార్జరీ. "ఈ ఎరుపేమిటి?"

అప్పుడైనా చెప్పవచ్చు కదా! నోరు తెరిచింది కూడా. తెరిచిన నోట్లోంచి ఇంగ్లీషులో చక్కగా, తడబడకుండా వచ్చిన మాటలు ఇవీ: "ఐయామ్ సో సారీ మార్జరీ. మా మదర్ ఇన్ లా... ఆవిడకి తెలీదు. అన్ని బొమ్మలకీ బొట్టు పెట్టడం మా కస్టమ్. నేను చూసుకోలేదు. క్లీన్ చేద్దామనుకుంది, పాపం."

చివర ఆ పాపం అనే మాట కూడా తానే చేర్చింది.

మదర్ ఇన్ లా అన్న మాట వినపడిందో, అందరి చూపులూ తన మీద పడ్డాయనో, ఆండాళమ్మ శనగల పళ్లెంతో నాలుగడుగులు ముందుకి వచ్చి నవ్వింది. ఐదు నెలలుగా డాక్టరు దగ్గరైనా, కూరగాయల కొట్లోనైనా, కోడలు చెప్పిందే ఆవిడకి ఇంగ్లీషు. మార్జరీ కళ్లు ఒత్తుకుంది. అయినా వెళ్లి ఆండాళమ్మ పళ్లెం పక్కన పెట్టించి, రెండు చేతులూ పట్టుకుంది. మీకు తెలియక జరిగింది, మీ మీద నాకు కోపం లేదు, మిమ్మల్ని క్షమించాను, ఈ రాత్రి మీరు దిగులు పడొద్దు అని ఒక్కొక్క మాటా నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. "ఆవిడకి చెప్పు బిందూ," అంది.

"ఏమంటోందే?" అంది ఆండాళమ్మ.

"కొలువు చాలా బాగుందంటోంది అత్తయ్యా."

"బాగుందంటూ ఏడుస్తుందేమిటే?"

"వాళ్లాయన గుర్తొచ్చాడట."

రెండు భాషలూ తెలిసినవాళ్లు ఆ గదిలో చాలామందే ఉన్నారు. పేరంటాళ్లు ఏడుగురూ శనగల ప్లేట్లలోకి చూశారు. శ్రీవిద్య ఫోన్ తీసి ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఎవరింటి గొడవ వాళ్లది అనుకుని ఉంటారు. పైగా తిన్న శనగలు కూడా ఆ ఇంటివే.

"అమ్మా, ఆమె అలా చెప్పలేదు," అంది మెట్ల పక్కన నిలబడ్డ నైనిక.

"నువ్వు ఊరుకో!"

నైనిక ఊరుకోలేదు. వచ్చీరాని తెలుగులో నేరుగా నానమ్మకే చెప్పింది. "నానమ్మా, నువ్వు పడ్గోని పాడు చేశావ్ అని అమ్మ చెప్పింది. బొట్టు పెట్టి, మళ్లీ తుడిచావ్ అని. మార్జరీ ఆంటీ ఇట్స్ ఓకే అంటుంది. నీకు తెలీదు కదా, సో ఫర్గివ్ చేస్తుంది అంట."

"నేనా?" అంది ఆండాళమ్మ.

ఒక్క మాటే అంది. అని కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బిందుమాధవి తట్టుకునేది. ఆవిడ నిజంగానే తెలియక అడిగింది. పొద్దుటినుంచి తానేమైనా మర్చిపోయి చేశానా అని వెతుక్కుంటున్నట్టు, తన వేళ్లు తాను చూసుకుంది.

అది చూశాక ఇంక బిందుమాధవి నిలవలేకపోయింది. "మార్జరీ, ఆవిడ ముట్టుకోలేదు. నేనే. పెట్టె నేనే తీశాను. బొట్టు నేనే పెట్టాను. తుడిచి, గీకి, నా వేలు పెట్టి నొక్కాను. ఆవిడ వద్దంది," అని ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది. ఇంగ్లీషులో చెప్పడం సులువే అయింది. సారీ అనే మాట ఆ భాషలో రోజుకి పదిసార్లు అనేదే. తెలుగులోకి తిరిగేసరికి అలాంటి మాట దొరకలేదు. "అత్తయ్యా, మీరు... మీరు చేశారని చెప్పాను," అంది. తల ఎత్తలేకపోయింది. ఆ గదిలోంచి అలాగే మాయమైపోతే బాగుండును అనిపించింది.

మార్జరీ ఆండాళమ్మ చేతులు వదల్లేదు. బిందుమాధవి వైపు మాత్రం తిరగలేదు. తెలియని మనిషిని క్షమించడం ఆవిడకి వచ్చింది. తెలిసి చేసి, ఏమీ తెలియని అత్తగారి మీద తోసేసిన మనిషిని ఏం చేయాలో ఆవిడకి తోచినట్టు లేదు.

ఆండాళమ్మ మెల్లగా చేతులు విడిపించుకుని, చెంగు భుజం మీదుగా కప్పుకుంది. మార్జరీ వైపు తిరిగి, "అమ్మా," అని ఆగింది.

"మీరు చెప్పండి అత్తయ్యా, నేను ఆవిడకి చెబుతాను," అంది బిందుమాధవి.

"నువ్వొద్దు."

కసురుకోలేదు. మామూలుగానే అంది. ఐదు నెలల్లో కోడలి మాటకి అడ్డు చెప్పడం అదే మొదలు. మనవరాలిని చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, "నైనికా, ఇకమీదట నా మాటలు నువ్వు చెప్పవే. నేను అన్నది అన్నట్టే చెప్పు," అంది. ఆ పైన మార్జరీ కళ్లలోకి చూస్తూ అంది: "ఈ ఇంటికి పెద్దదాన్ని నేను. తప్పు మా ఇంట్లో జరిగింది. మీ ఆయన వేలు మేము చెరిపేశాం. దాన్ని మళ్లీ తేలేం. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు."

నైనిక ఒకసారి అమ్మ వైపు చూసింది. తర్వాత మార్జరీ వైపు తిరిగి, కొన్ని మాటల దగ్గర ఆగుతూ, తెలియని మాటకి నానమ్మని అర్థం అడుగుతూ, ఏదీ వదలకుండా, ఏదీ మార్చకుండా చెప్పింది.