థోర్న్‌లీ గారు ఓడిపోయిన మర్నాడు

మా హాల్డెన్‌షాలో ఎవరినడిగినా చెబుతారు, థోర్న్‌లీ గారు మాట్లాడ్డం మొదలుపెడితే మిల్లు కూత కూడా వినబడేది కాదని. అంతా ఉత్తదే. నాకు వినబడేది. సభల్లో ఆడవాళ్ళం ఎప్పుడూ వెనకే కదా నిలబడేది, పైగా నా మనసు సగం పొయ్యి మీద పెట్టొచ్చిన బంగాళాదుంపల మీద ఉండేది. అయినా ఒప్పుకోవాలి, ఆ గొంతు గొంతే. ముప్ఫయ్యేళ్ళు మా ఊరి తరఫున పార్లమెంటులో కూర్చుని, రొట్టె చవక చెయ్యాలని, కూలివాడికి ఓటివ్వాలని, ఓటు గుట్టుగా వెయ్యనివ్వాలని పెద్దపెద్ద దొరల మొహాల మీదే కడిగేసిన మనిషి.

ఆ గుట్టు ఓటు సంగతిలో మా ఆయన ఎనక్ కూడా ఉన్నాడు. మాది చెక్కజోళ్ళు చేసే కొట్టు. ఇరవై రెండేళ్ళ కిందట ఓటంటే సంత వీధిలో కట్టిన వేదిక ఎక్కి, ఊరంతా వింటుండగా పేరు పైకి చెప్పాలి. కింద మాకు కొట్టు అద్దెకిచ్చిన యజమాని గుమాస్తా పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు, ఎవరు ఎవరికి వేస్తున్నారో రాసుకోడానికి. నోరు మూసుకుని యజమాని చెప్పిన పేరు చెప్పి దిగి రావయ్యా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటాడా? పైకెక్కి, చెవిటివాడికి చెప్పినట్టు "థోర్న్‌లీ" అని అరిచాడు. నెల తిరక్కుండా కొట్టు ఖాళీ చేయించారు. నాకప్పుడు ఏడో నెల. బల్లా, సుత్తులూ, చెక్కలూ తోపుడుబండి మీద వేసుకుని ఈ చీకటి గొందిలోకి వచ్చాం. మా అమ్మాయి ఫీబీ ఇక్కడే పుట్టింది.

థోర్న్‌లీ గారు ఆ కథ పార్లమెంటులో చెప్పారు. తర్వాత ఊరూరా చెప్పారు. "నిరుపేద చెక్కజోళ్ళవాడు, కన్నీరుమున్నీరైన అతని భార్య" అని పేపర్లో పడింది. నేను ఏడవలేదు. గుమాస్తాని వాడి తాతముత్తాతలతో సహా తిట్టాను, వీధి వీధంతా విన్నది. ఆ మాట సభల్లో బాగుండదేమో, ఆయన చెప్పలేదు.

మొత్తానికి చట్టం వచ్చింది. రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. ఈలోగా ఫీబీ మిల్లులో చేరింది, పత్తి ఏకే గదిలో. పొద్దున్న ఆరింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి వదుల్తారు. మధ్యలో తిండికి వదిలే వేళలు తీసేస్తే పది గంటల పని. ఆ గదిలో గాలంతా పత్తి పొట్టే. నాలుగేళ్ళుగా పిల్లకి దగ్గు. మిల్లుల్లో ఆడవాళ్ళ పని రోజుకి ఒక గంట తగ్గించాలని పోయినేడు పార్లమెంటులో బిల్లు పెట్టారు. దానికి అడ్డం నిలబడి మూడు గంటలు మాట్లాడింది ఎవరనుకున్నారు? థోర్న్‌లీ గారే. వయసొచ్చిన ఆడదాని కష్టం ఆమె సొంతమట, ఎంతసేపు పనిచెయ్యాలో ఆమె ఇష్టమట, వద్దనడానికి ప్రభుత్వం ఎవరట. ఎనక్ ఆ పేపరు చదివి, మడిచి, బల్ల సొరుగులో పెట్టాడు. ఒక్క మాట అనలేదు. నేనే ఇద్దరి వంతూ అన్నాను.

ఇక మొన్నటిది గుట్టు ఓటు వచ్చాక మొదటి ఎన్నిక. వేదిక లేదు, బాజాలు లేవు, తాగి కొట్టుకోవడాలు లేవు. చర్చి పక్క గదిలో చెక్క తడికల చాటున పెన్సిలుతో గీత గీసి, కాగితం డబ్బాలో వేసి రావడమే. ఎవరినో పూడ్చిపెట్టడానికి వెళ్ళొచ్చినట్టుంది అన్నాడు పక్కింటాయన. ఎనక్ ఆదివారం కోటు వేసుకుని వెళ్ళి ఇట్టే తిరిగొచ్చాడు. ఎవరికేశావయ్యా అంటే, అడక్కే టాబితా అన్నాడు. ఆడదాన్ని, నాకెలాగూ ఓటు లేదు, కనీసం నీ ఓటు ఎటుపోయిందో కూడా నాకు తెలియకూడదా అని దెప్పాను. ఆ పూట తిండి ముందు కూర్చుని ఊరికే లేచిపోయాడు. అప్పుడే అర్థమైంది నాకు.

రెండువందల పైచిలుకు ఓట్ల తేడాతో థోర్న్‌లీ గారు ఓడిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం, సన్నటి వానలో, ఆయన ఒక్కరే నడుచుకుంటూ మా కొట్టుకి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళు. టోపీ తీసి, గిరాకీలు కూర్చునే బల్ల మీద ఉస్సూరుమంటూ కూలబడ్డారు. టీ ఇచ్చాను. పొద్దుట్నుంచీ ఇల్లంతా జనమేనట, ఒక్కొక్కరూ గుండె మీద చెయ్యేసుకుని మీకే వేశామని చెప్పి ఏడ్చి పోతున్నారట. వాళ్ళందరూ నిజంగా వేసుంటే నేనిప్పుడు లండన్ రైల్లో ఉండేవాణ్ణమ్మా అని కాస్త నవ్వారు. ఆ నవ్వు చూడలేకపోయాను.

"అందుకే ఇక్కడికొచ్చాను. ఈ కొట్లో ఎవరూ నాకు ఒట్టు పెట్టి చెప్పక్కర్లేదు," అన్నారు.

ఎనక్ సుత్తి కింద పెట్టాడు. థోర్న్‌లీ గారి వెనకాల నిలబడి, చెప్పొద్దని ఎనక్‌కి తల ఊపాను, కళ్ళురిమాను. ముసలాయనకి ఊరంతట్లో మిగిలింది ఈ ఒక్క నమ్మకమే, ఇది కూడా లాగేస్తే ఏముంది? చెప్పకపోతే ఎవరి సొమ్మేం పోయింది?

"అయ్యా, నేను మీకు వెయ్యలేదు."

థోర్న్‌లీ గారు కప్పు బల్ల మీద పెట్టారు. "చెప్పక్కర్లేదు ఎనక్. ఎవరికీ చెప్పక్కర్లేకుండా ఉండాలనేగా అంత పోరాడాం," అన్నారు.

"అది కొట్టు యజమాని దగ్గర దాచుకోడానికి. మీ దగ్గర దాచుకుంటే నాకు తిండి సయించట్లేదు."

ఎందుకని ఆయన అడిగారు. మా ఫీబీ గురించి అన్నాడు ఎనక్. ఆయనకి గబుక్కున అర్థమైపోయింది, నీరసంగానే అయినా పాత వాదన మొదలెట్టారు. గంట తగ్గితే కూలీ తగ్గుతుంది, అది పిల్లకే నష్టం, వయసొచ్చిన పిల్ల తన సంగతి తనే తేల్చుకోగలదు. నాకు ఒళ్ళు మండింది.

"అయితే దాన్నే అడగండి. ఆరు దాటాక వస్తుంది. మూడు గంటలు మాట్లాడారు గదా, ఎవరినైనా ఒక్కదాన్ని అడిగారా?" అన్నాను.

ఆయన నావైపు చూశారు. ఇన్నేళ్ళలో నన్ను సరిగ్గా చూసింది అప్పుడేననుకుంటా. అడుగుతానమ్మా, ఉంటాను అన్నారు. ఉన్నారు కూడా. ఎనక్ పని చేసుకుంటుంటే ఆ బల్ల మీదే గోడకానుకుని కూర్చున్నారు.

ఫీబీ వచ్చింది. జుట్టు నిండా, కనుబొమల నిండా పత్తి పొట్టు. ఆయన్ని చూసి నమస్కారం పెట్టి, శాలువా అయినా తియ్యకుండా బల్ల దగ్గర కూలబడింది. రొట్టె ముక్కా టీ పెట్టాను. థోర్న్‌లీ గారు లేచొచ్చి ఎదురుగా కూర్చున్నారు. పెళ్ళికూతుర్ని పలకరించినంత నెమ్మదిగా అడిగారు. "ఫీబీ, రోజుకి ఒక గంట పని తగ్గి, కూలీ కూడా కాస్త తగ్గుతుందనుకో. నీకు ఏది ఇష్టమమ్మా?"

అది రొట్టె నములుతూ ఆయన వంక చూసింది. దగ్గొచ్చింది. దగ్గి, తేరుకుంది.

"ఏమోనండీ. ఆలోచించడానికైనా ఓపికుండాలి కదా," అంది.

ఇంకా ఏదో అంటుందని ఆయన కాచుకున్నారు. ఫీబీ మోచెయ్యి బల్లకానించి, చేతిలో రొట్టె చేతిలో ఉండగానే నిద్రపోయింది. రోజూ అంతే, నాకు అలవాటే. రొట్టె తీసి పళ్ళెంలో పెట్టాను. ఊపిరి తీస్తుంటే దాని గుండెల్లో పిల్లికూతలు వినబడుతున్నాయి. థోర్న్‌లీ గారు అది వింటూ ఎంతసేపు కూర్చున్నారో చెప్పలేను. పార్లమెంటుని తెల్లవార్లూ మేలుకోబెట్టిన మనిషి.

"రోజూ ఇంతేనా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగారు.

"ఆదివారం కాస్త నయం."

ఆయన టోపీ తీసుకుని లేచారు. గుమ్మం దాకా ఎనక్ వెళ్ళాడు, నేనూ వెళ్ళాను.

"నేను చెప్పింది తప్పని ఇప్పుడు వెళ్ళి ఎక్కడ చెప్పను, ఎనక్? నన్ను పార్లమెంటు లోపలికి రానివ్వరుగా," అన్నారు.

నాకు జాలేసింది, కడుపూ మండింది. ఆ వానలో ఆయన కొండ మీది తన ఇంటి వైపు ఎక్కుతుంటే చూడలేక లోపలికొచ్చి, నిద్రపోతున్న పిల్ల జుట్టులోంచి పత్తి ఏరుతూ కూర్చున్నాను.