తువ్వాలు క్రింది రెండవ చేయి

ఫాల్గుణమాసావసానమున మధ్యాహ్నమార్తాండుని తీక్ష్ణకిరణములకు మిరపకల్లములు నేల ప్రాకు చితాగ్నులవలె నెఱ్ఱవాఱి తమ ఘాటుచే బాటసారుల కన్నుల నీరొలికించుచుండ, చిలకపాటి మిరపసంతలో గద్దెపై గూర్చుండిన గురవయ్యసెట్టి కన్నులు మాత్రము వేఱొక మంటచే నెఱ్ఱవాఱియుండెను. ఇరువదియేండ్లు తనతో గూడి వర్తకము చేసిన చిదంబరయ్యయే, సెట్టిది కపటపుతక్కెడ యని సంతయెల్ల చాటి వర్తకసంఘాధిపత్యము నతని చేతినుండి యూడబెఱికికొనియెను. మఱునాడు రైతుల సమక్షమున నా ద్రోహికి సన్మానము.

ఆ సంతలో మిరపకాయల తొడిమలు దీయు దీనమ్మ మంటలెత్తు వ్రేళ్ళతో పనిచేయుచు తానే పాటలు గట్టి పాడుచుండెడిది. కూలిలో కోతయు, బావికడ దూరముగ నిలువవలసిన తన వాడవారి దాహమును, తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని రైతునకు దెలియనీయక ధర తెగగొట్టు వర్తకుల గుట్టును ఆమె పాటలలో నెత్తురువలె పాఱుచుండెడివి. అమూల్యమగు నా కంఠమును సంతజనులు కూలిదాని కూతగా దలంచి చెవినిడరైరి. తువ్వాలుపాటలో చిదంబరయ్య పేరు విన్ననాడు సెట్టి యొక్కడే దాని వెల యెఱిగెను.

"దీనమ్మా, రేపు సన్మానంలో ఆ పాట పాడతావటే?"

"కడదాకా పాడనిస్తే పాడతా సెట్టిగారా. మద్దెలో ఎవర్నీ ఆపనియ్యనని అందరిముందూ మాటివ్వాల."

"ఆపేవాడెవడో నేను చూస్తాగా!"

"కడాకరి చరణం ముందే ఇంటారా మరి?"

"మొదలు విన్నాంగా, చాల్లే."

బస్తామూతి నమర్చిన మేలికాయలను నమ్మక అడుగువఱకు చేయి దూర్చి చూడనిదే సరకు కొననివాడు, పగతమకమున నీ పాటను పైకాయలు జూచియే కొనియెను.

మఱునాడు చిదంబరయ్య మెడలో పూలమాల పడినంతనే దీనమ్మ గొంతెత్తెను.

"గుడ్డకింద ఒక సెయ్యుంది, గుట్టుగ మాటాడుతుంది,
ఒక్కేలు ముడిసిందంటే ఊరిసెమట అమ్ముడౌద్ది!
సెయ్యి ఎవరిదన్నలారా? సిదంబరయ్యదేనంట!"

రైతులు గొల్లున నవ్విరి. చిదంబరయ్య నల్లబడి, "ఎవడ్రా అక్కడ! దింపండి దాన్ని!" అని గర్జించెను. సెట్టి లేచి చేయి చాచి, "కడదాకా పాడాల్సిందే! ఆపితే నామీద ఒట్టే!" అనెను. వెన్నముద్ద కంఠమున జాఱినట్లు పగ చల్లగ దిగుచుండెను.

దీనమ్మ యతనివంక దిరిగెను.

"ఒక్కసేత్తో బేరమౌద్దా? ఓరన్నా ఇనుకోండి,
రెండోసెయ్యి ఎవ్వరిదో గుడ్డతీసి సూసుకోండి!
ఏసోబు పంట తెగినపూట గురవయ్య సెయ్యి గుర్తుందంట!"

ఏసోబు దీనమ్మ మగడు. పదియేండ్లక్రిందట తానును చిదంబరయ్యయు నొక్క తువ్వాలుక్రింద సగము ధరకు వాని పంట తెగగొట్టుటయు, వాడు రాతిక్వారీకి వలసపోయి శవమై మరలుటయు సెట్టికి స్మృతికి వచ్చెను. ఆపింప నోరు దెఱచెను గాని తన యొట్టే యడ్డుపడెను. వేయిమంది చూపులు ద్రోహిని విడిచి అతని కుడిచేతిపై వ్రాలెను.

నాడు మొదలు చిలకపాటి సంతలో ఏ రైతును తువ్వాలు బేరము సాగనీయడయ్యె. అలవాటున సెట్టి చేయి చాపినప్పుడెల్ల, "గుడ్డెందుకు సెట్టిగారూ, నోటితో చెప్పండి" అని నవ్వుదురు. పగకును రెండు చేతులు వలయు ననియు, రెండవది తనదే యగుననియు నెఱుగక బేరమాడినవాడు భుజముపై తువ్వాలు నూరక నిమురుకొనుచుండును. తొడిమలపాకలో దీనమ్మ గొంతెత్తగనే మాత్రము, సంతలో నందఱికంటె ముందు మాటలాడుట మాని చెవియొగ్గువాడును అతడే.